పొగ పరీక్షకు అందని మెయిన్ జెట్

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో బాగుచేయించుకునేవారికి సాధారణంగా రెండు కోరికలుంటాయి: బండి లాగుడు పెరగాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ఆగకూడదు. ఇవి రెండూ ఒకేసారి ఎలా తీరుతున్నాయో తెలియాలంటే ఇంజనులో పెట్రోలు ఎలా మండుతుందో, ఆ మంటను చట్టం ఏ క్షణంలో కొలుస్తుందో చూడాలి.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. మరీ ఎక్కువైతే మిశ్రమం సరిగా అంటుకోక, మండని హైడ్రోకార్బన్లు బయటికి వస్తాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమం ఈ రెండింటికీ బండి తయారైన కాలాన్ని బట్టి హద్దులు పెట్టింది. బండి పొగకు దేశం దశలవారీగా బిగిస్తూ వచ్చిన ప్రమాణాలే భారత్ స్టేజ్‌లు. వాటిలో స్టేజ్-2కు ముందరి పెట్రోలు కారుకు 3 శాతం కార్బన్ మోనాక్సైడ్, పది లక్షల్లో 1500 వంతుల హైడ్రోకార్బన్లు అనుమతిస్తే, స్టేజ్-4, స్టేజ్-6 కార్లకు అవి 0.3 శాతం, 200 వంతులే. తయారైననాడు పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టరే లేని కారు నుంచి ఈనాటి శుభ్రతను అడగకపోవడం న్యాయమే.

చిక్కు కొలిచే పద్ధతిలో ఉంది. పాత కారును నిలబెట్టి, ఇంజను స్లో స్పీడులో ఉండగా సైలెన్సరులోకి గొట్టం దూర్చి కొలుస్తారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటరులో స్లో స్పీడుకు పెట్రోలు అందించే సన్నని దారి వేరు, బండి పరుగెత్తేటప్పుడు అందించే రంధ్రం, అంటే మెయిన్ జెట్, వేరు. మెకానిక్ చిన్న స్క్రూడ్రైవరుతో ఆ సన్నని దారిలోని పెట్రోలును సవరించే మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు బిగించగానే తెరమీద కార్బన్ మోనాక్సైడ్ అంకె దిగివస్తుంది. ఇందులో మోసం లేదు, స్లో స్పీడు సరిచేయడం అతని పనే. అయితే లాగుడు కోసం వేసిన పెద్ద మెయిన్ జెట్ ఆ సమయంలో దాదాపు పనిచేయదు కనుక పరీక్షకు కనిపించదు. అదే కారు నలుగురిని ఎక్కించుకుని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆ జెట్ గుండా అవసరానికి మించిన పెట్రోలు వచ్చిపడుతుంది, విషవాయువు పెరుగుతుంది. బరువు లాగేటప్పుడు, అధిక ఉష్ణోగ్రత వద్ద పుట్టే నత్రజని ఆక్సైడ్లనైతే ఈ పరీక్ష అసలు కొలవదు.

చట్టం మరోవైపు నుంచి గట్టిగానే బిగించింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే స్థిరపరిచింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతిలేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు మాత్రం దారి ఉంది. ఫలితంగా, కంటికి కనపడని మెయిన్ జెట్ మార్చినవారికి ఏ ఇబ్బందీ రాదు. పాత కార్బురేటరు తీసి, పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టించి నిజంగానే పొగ తగ్గించిన మనిషి మాత్రం ఆర్‌సీతో పొసగని బండికి యజమాని అవుతాడు. ఇది నాకు ఎంతమాత్రం సబబుగా తోచదు.

ఈ ముడిని విప్పిన పద్ధతి కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ కాలుష్యం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 1976 నుంచి 1999 వరకు తయారైన కార్లను రోలర్లమీద, చక్రాలకు భారం కల్పించి పరీక్షిస్తారు, నత్రజని ఆక్సైడ్లను కూడా కొలుస్తారు. ఇంజను మార్చిన కారును రిఫరీ కేంద్రం తనిఖీ చేస్తుంది. పెట్టిన ఇంజను ఆ కారు వయసుదో అంతకన్నా కొత్తదో అయి, దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ దానితోపాటే ఉంటే ఆమోదిస్తుంది. మన దగ్గర, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోని నగరాల కోసం కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. మార్పులు చేసిన పాత కార్ల కోసం ఈ రెండు ఆటోనగర్లలో ఒక్కో రోలర్ పరీక్షా కేంద్రం పెట్టి, అక్కడ వచ్చిన అంకెల ఆధారంగా ఆర్‌సీలో మార్పు నమోదు చేసే అధికారాన్ని రవాణా శాఖకు ఇవ్వాలి.