రిటైరయ్యాక ఆరోగ్య బీమా మార్చుకోవడం: అపోహలు – వాస్తవాలు

అమలాపురంలోనైనా, పాలకొల్లులోనైనా రిటైరైనవారి ఇంటికి రెన్యువల్ నోటీసు రాగానే కళ్ళు ముందు ప్రీమియం అంకె మీదికే పోతాయి. "ఇంత కట్టే బదులు వేరే కంపెనీకి మారిపోదాం" అన్న మాట అక్కడే పుడుతుంది. మారొచ్చు, చట్టం ఆ వీలు ఇచ్చింది. దీన్నే పోర్టబిలిటీ అంటారు, దానికి విడిగా రుసుమేమీ లేదు. కానీ కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం చేతికి రాకముందే పాత పాలసీ వదిలేసుకుంటే మాత్రం ఆ నష్టం పూడేది కాదు. కింద రాసినవన్నీ ఆ ఒక్క తప్పు జరగకూడదనే.

అపోహ: 65 దాటితే ఏ కంపెనీ తీసుకోదు.

2024 ఏప్రిల్ 1 నుంచి అన్ని వయసులవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. అయితే ఆరోగ్యం చూసి మీ దరఖాస్తును కాదనే హక్కు కొత్త కంపెనీకి ఇంకా ఉంది. పాత కంపెనీకి ఆ హక్కు లేదు. మీరు క్లెయిములు చేశారన్న కారణంతో అది రెన్యువల్ ఆపకూడదు. గుండెకు స్టెంట్ పడినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పాత పాలసీని ప్రాణంలా చూసుకోవాల్సింది ఇందుకే.

అపోహ: ఎప్పుడు కావాలంటే అప్పుడు మారొచ్చు.

రెన్యువల్ సమయంలోనే మారాలి. గడువు తేదీకి 60 రోజుల ముందు నుంచి 45 రోజుల ముందు లోపు దరఖాస్తు ఇవ్వాలని పాలసీ పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. మీ పాలసీ జనవరి 14న ముగుస్తుందనుకోండి. నవంబరు 15కి మొదలుపెట్టి 30 లోపు కాగితాలు ఇచ్చేయాలి. సంక్రాంతికి పిల్లలొచ్చాక చూసుకుందాంలే అనుకుంటే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే.

పోర్టబిలిటీ ఫారం, ప్రపోజల్ ఫారం, గత మూడు నాలుగేళ్ళ పాలసీ షెడ్యూళ్ళు, రెన్యువల్ నోటీసు, క్లెయిమ్ చేసి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ సిద్ధం చేసుకోండి. పాత కంపెనీ 72 గంటల్లో మీ వివరాలు పంపాలి. అవి అందాక 5 రోజుల్లో కొత్త కంపెనీ నిర్ణయం చెప్పాలి. గడువు దగ్గరపడినా జవాబు రాకపోతే పాతదే రెన్యువల్ చేసేయండి. మళ్ళీ ఏడాదికి ప్రయత్నించవచ్చు.

ఇంకొకటి. కొత్తగా కొన్న పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చే వీలుంటుంది కదా, పోర్ట్ చేసుకున్న పాలసీకి ఆ వీలు లేదని చాలా పాలసీల షరతుల్లోనే రాసి ఉంటుంది. ముందే చదవండి.

అపోహ: మారితే పాత జబ్బులకు మళ్ళీ మొదటినుంచి ఆగాలి.

అక్కర్లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం (అది గడిచేదాకా వాటికి క్లెయిమ్ రాదు) ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. పాత కంపెనీలో రెండేళ్ళు గడిచి ఉంటే మిగిలేది ఒక్క ఏడాదే. కానీ ఈ లెక్క పాత బీమా మొత్తం వరకే. 3 లక్షల పాలసీ నుంచి 10 లక్షలకు మారినవారు మొదటి ఏడాదిలో మోకాలి చిప్ప మార్పిడి చేయించుకుంటే వర్తించేది పాత 3 లక్షలు, క్లెయిమ్ చేయని ఏళ్ళకు దానికి చేరిన బోనస్ మాత్రమే. పెంచుకున్న 7 లక్షలకు గడువు కొత్తగా మొదలవుతుంది.

అపోహ: షుగర్, బీపీ ఉన్నాయని రాస్తే తీసుకోరు, "లేదు" అని టిక్ పెట్టేస్తే సరి.

ఇంతకన్నా చెడ్డ సలహా లేదు. పొద్దున్నే టిఫినుకు ముందు వేసుకునే షుగర్ బిళ్ళ గురించి ఫారంలో "లేదు" అని ఉంటుంది. రేపు ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టరుగారు అడిగితే "పదేళ్ళ నుంచీ వాడుతున్నారండీ" అని ఇంట్లోవాళ్ళే చెబుతారు. అది కేస్‌షీట్‌లోకి ఎక్కుతుంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి క్లెయిమ్ కొట్టేస్తారు, పాలసీ కూడా రద్దు కావచ్చు. 60 నెలలు వరుసగా నడిచిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, దాచారన్న పేరుతో ప్రశ్నించకూడదు. ఆ రక్షణ కూడా పోర్టింగ్‌లో మీ వెంట వస్తుంది. ఏజెంటు నింపినా సరే, సంతకానికి ముందు ప్రతి గడీ మీరే చదవండి.

అపోహ: ప్రీమియం తగ్గితే లాభమే.

తగ్గిన ప్రీమియం వెనక సాధారణంగా మూడు ఉంటాయి: కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వంతు), గది అద్దె పరిమితి, జోన్ (ఊరిని బట్టి ప్రీమియం). 20 శాతం కో-పే అంటే 3 లక్షల బిల్లులో 60 వేలు మీ జేబులోంచే. గది అద్దె పరిమితి రోజుకు 4,000 ఉండగా 8,000 గదిలో చేరితే, కోత గది అద్దెతో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీల్లాంటివీ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు మాత్రం ఈ కోత వేయకూడదు. ఇక జోన్: భీమవరం చిరునామాతో తక్కువ ప్రీమియం కట్టి హైదరాబాదులో చికిత్స చేయించుకుంటే కొన్ని పాలసీల్లో అదనపు కో-పే పడుతుంది. పిల్లలు హైదరాబాదులో ఉన్నవారు ఇది తప్పక అడగాలి. కాకినాడ, రాజమండ్రిలో మీరు వెళ్ళే ఆసుపత్రి కొత్త కంపెనీ నెట్‌వర్క్‌లో (ఆ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో) ఉందో లేదో ఆసుపత్రి బీమా డెస్క్‌లోనే కనుక్కోండి.

వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. పన్ను కలిసిన పాత రసీదుతో కొత్త ప్రీమియం పోల్చకండి. 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి.

అపోహ: ఆఫీసు గ్రూప్ పాలసీ రిటైరయ్యాకా నడుస్తుంది.

చాలాచోట్ల ఉద్యోగంతోనే ఆగిపోతుంది. ఆఖరి నెలల్లోనే అదే కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మైగ్రేషన్ అడగండి, గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. నచ్చకపోతే తర్వాతి రెన్యువల్‌కు పోర్ట్ చేసుకోవచ్చు.

అపోహ: 70 దాటినవారికి కేంద్రం కార్డు ఉంది, ఇక పాలసీ ఎందుకు?

ఆయుష్మాన్ వయ వందన కార్డు 5 లక్షల వరకు ఉపయోగపడుతుంది, ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది కాబట్టి దాన్ని తోడుగా ఉంచుకోండి, పాలసీ ఆపకండి.

పోర్టింగ్‌లో గడిచిన కాలాన్ని లెక్కించకపోయినా, క్లెయిమ్ అన్యాయంగా కొట్టేసినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పుదుచ్చేరి కింద ఉన్నా యానాం వాళ్ళూ అక్కడికే రాయాలి.