బలిపీఠమా, బల్లా? క్రీస్తు బలి చుట్టూ నడిచిన పాత వివాదం

క్రీస్తు సిలువ మీద ఒక్కసారే బలి అయ్యాడు, ఆ బలి లోకమంతటి పాపానికీ చాలింది. ప్రధాన సంఘాలు ఏవీ ఈ మాటను కాదనలేదు. పేచీ అంతా దాని తర్వాతి ప్రశ్న దగ్గరే. బలి పూర్తయిపోయాక సంఘం దేవునికి అర్పించాల్సింది ఇంకేముంది? రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనను కేథలిక్కులు పూజ, దివ్యబలి అంటారు, ప్రొటెస్టెంట్లు ప్రభువు బల్ల అంటారు. ఈ తేడా కోసం యూరప్‌లో మనుషులు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

కొత్త నిబంధనలో జవాబు ఉంది, అయితే రెండు వైపులా ఉంది. హెబ్రీ పత్రిక పదో అధ్యాయం, యేసు శరీరం ఒక్కసారే అర్పణ అయిందనీ పాపపరిహారానికి ఇక వేరే బలి లేదనీ తేల్చి చెబుతుంది. అదే పత్రిక పదమూడో అధ్యాయంలో స్తుతియాగం చేయమంటుంది. ఉపకారం, ధర్మం మరిచిపోవద్దనీ అలాంటి యాగాలే దేవునికి ఇష్టమనీ అంటుంది. పౌలు రోమీయులకు రాస్తూ మీ శరీరాల్నే సజీవయాగంగా సమర్పించుకోండి అన్నాడు. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘాన్ని అతను గట్టిగా మందలించింది సిద్ధాంతం తప్పారని కాదు. ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్లు ముందే తినేసి తాగి మత్తెక్కుతుంటే, లేనివాళ్లు ఆకలితో చూస్తూ కూర్చున్నారు. ఆ రొట్టె తిన్నప్పుడల్లా ప్రభువు మరణాన్ని ప్రచురిస్తున్నారని గుర్తుచేసింది ఆ సందర్భంలోనే.

బలికీ, పేదలతో పంచుకోవడానికీ ఉన్న ఈ ముడిని మొదటి శతాబ్దాల సంఘం వదల్లేదు. 155 ప్రాంతంలో రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన వివరణ చూడండి. ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచుకున్నాక శక్తి ఉన్నవాళ్లు తోచినంత ఇచ్చేవాళ్లు. ఆ సొమ్ము అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు వెళ్లేది. మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఇంకా కటువుగా మాట్లాడాడు. ఏ కానుకా తేకుండా వచ్చిన ధనవంతురాలితో, పేదవాడు తెచ్చిన బలిలోంచి నువ్వు భాగం తింటున్నావు అన్నాడు. విచిత్రమేమిటంటే, క్రీస్తు స్థానంలో నిలబడి యాజకుడే బలి అర్పిస్తాడన్న మాటను స్పష్టంగా రాసినవాళ్లలోనూ ఆయన ముందువరసలో ఉన్నాడు. అంటే అప్పటికి యాజకుడి బలి, పేదలతో పంచుకోవడం, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

మధ్యయుగంలో ఆ రెండూ విడిపోయాయి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ 1098లో పూర్తిచేసిన గ్రంథంలో పాపాన్ని దేవుని ఘనతకు మనిషి పడిన బాకీగా వివరించాడు. మనిషి తీర్చాలి, కానీ దేవుడే తీర్చగలడు, కాబట్టి దేవుడు మనిషయ్యాడు. ఎంత పదునైన తర్కమైనా, ఇందులో లెక్క తేలడమే ముఖ్యమైపోయిందని నాకనిపిస్తుంది. మరోపక్క జనం బల్ల దగ్గరికి రావడమే తగ్గిపోయింది. 1215లో కేథలిక్ బిషప్పుల నాలుగో లాటరన్ సభ ఏడాదికి కనీసం ఒక్కసారి, ఈస్టర్ సమయంలో, ప్రభువు భోజనం తీసుకోవాలని రూలు పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. చనిపోయినవాళ్ల ఆత్మల కోసం డబ్బిచ్చి పూజలు చేయించడం మాత్రం పెరిగింది. మనుషులు పంచుకునే భోజనం, యాజకుడు ఒంటరిగా చేసిపెట్టే పనిగా మారింది.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ 1520లో దీని మీదే విరుచుకుపడ్డాడు. పూజ మనం దేవునికిచ్చే బలి కాదు, దేవుడు మనకిచ్చిన వాగ్దానం అన్నాడు. ఇంగ్లండులో ఈ వాదన సామాన్ల దాకా వెళ్లింది. 1550లో లండన్ బిషప్ రిడ్లీ తన పరిధిలోని చర్చిల్లో బలిపీఠాలు తీయించి చెక్క బల్లలు వేయించాడు. ఆర్చిబిషప్ క్రాన్మర్ కూర్చిన ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) ప్రార్థన పుస్తకం మాత్రం బలి అన్న మాటను పారేయలేదు. మమ్మల్ని, మా ఆత్మల్ని, మా శరీరాల్ని సజీవ బలిగా అర్పిస్తున్నాం అని విశ్వాసుల చేత పలికించింది. పౌలు రోమీయులకు రాసిన సజీవయాగం మాట ఇలా మళ్లీ ఆరాధనలోకి వచ్చింది. ఆ శతాబ్దంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. రోమ్ జవాబు 1562 సెప్టెంబరులో కేథలిక్ బిషప్పుల ట్రెంట్ సభ నుంచి వచ్చింది. పూజ నిజమైన బలే, సిలువ మీద అర్పణ అయిన క్రీస్తే ఇక్కడా అర్పణ అవుతాడు, రక్తం చిందకుండా, అంతే తేడా అంది. అది సిలువకు పోటీ కాదని కూడా చెప్పింది. ఆ ముక్క వినే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు.

నాలుగు శతాబ్దాలు ఎవరి పీఠం, ఎవరి బల్ల వాళ్లదే. 1982లో పెరూ దేశంలోని లీమాలో ప్రపంచ చర్చిల మండలి విశ్వాస విభాగం ఒక ఉమ్మడి పత్రం తయారుచేసింది. ఆ చర్చల్లో కేథలిక్ వేదాంతులు కూడా ఉన్నారు. క్రీస్తు బలి మళ్లీ జరిగేది కాదనీ, సంఘం దాన్ని స్మరిస్తూ ఆయన మనుషుల కోసం దేవునికి చేసే విజ్ఞాపనలో కలుస్తుందనీ ఆ పత్రం సర్దిచెప్పింది. ఒకే రొట్టె పంచుకునేవాళ్ల మధ్య సమాధానం, పంచుకోవడం ఉండాలనీ, సామాజిక, ఆర్థిక, రాజకీయ జీవితంలోని సంబంధాలను ఆ భోజనం నిలదీస్తూనే ఉంటుందనీ కూడా రాసింది. సంఘాలు పంపిన జవాబులు ఆరు సంపుటాలయ్యాయి. వాటికాన్ 1987లో పత్రాన్ని చాలావరకు మెచ్చుకుంది. పూజ ఏ అర్థంలో బలో చెప్పడానికి మాత్రం విజ్ఞాపన అన్న ఒక్క మాట చాలకపోవచ్చని రాసింది.