చింతచెట్టు పురుగుకు పల్లి బస్తాలో ఏం పని?

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లి జనవరి, ఫిబ్రవరిలో కళ్లానికి వస్తుంది. అప్పటికి గట్ల మీది చింతకాయ కూడా పండి రాలడం మొదలవుతుంది. రైతుకు ఇవి రెండు వేర్వేరు పంటలు. కార్యెడాన్ సెర్రాటస్ అనే పెంకు పురుగుకు మాత్రం రెండూ ఒకటే: పైన తొక్క, లోపల గింజ.

ఇది పుట్టుకతో చెట్టు పురుగు. చింత, రేల, తుమ్మ కాయల్లో గింజలు తిని బతుకుతుంది. పల్లి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. 1500కు ముందు మన వైపు పురుగులకు దాని వాసన కూడా తెలియదు. అయినా ఇది ఎంత బాగా మరిగిందంటే, 20వ శతాబ్దం తొలినాళ్లకే సెనెగల్‌లో పల్లి నిల్వలకు పెద్ద బెడదయింది.

చూడ్డానికి అర సెంటీమీటరు పైచిలుకు, ఎరుపు కలిసిన గోధుమ రంగు, ఒంటి మీద నల్ల మచ్చలు. వెనక కాళ్ల తొడలు ఒంటికి పొంతన లేనంత లావు. భూతద్దం పెడితే వాటి కింది అంచున రంపం పళ్లు కనిపిస్తాయి.

తల్లి పురుగు గుడ్డును కాయకు జిగురుతో అంటిస్తుంది. పిల్ల పురుగు బయట తిరగనే తిరగదు. గుడ్డు అడుగు నుంచే తొక్కను తొలుచుకుంటూ గింజలోకి పోతుంది. ఆ సన్నని దారి మన కంటికి ఆనదు. కాయ పైకి నిక్షేపంగా ఉంటుంది, లోపల గింజ గుల్ల అవుతుంటుంది. ఎదిగాక చాలా పురుగులు గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొచ్చి, కాయ మీదో బస్తా అడుగునో కాగితంలాంటి తెల్లని గూడు అల్లుకుంటాయి. ఎండాకాలంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి నెలన్నర చాలు. రంధ్రాలు పడ్డ కాయల్లోకి బూజు చేరితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. నా లెక్కన తిన్న గింజల కంటే ఇదే పెద్ద నష్టం.

విత్తనం పల్లిని కొట్టకుండా కాయతోనే దాచమంటారు. మంచి మాటే, మిగతా పురుగులను తొక్క చాలావరకు ఆపుతుంది. పగలని కాయను తొలిచి గింజను అందుకునేది ఇదొక్కటే. గింజ తీసిన చింతపండు జోలికి మాత్రం రాదు, అందులో దానికి తిండే లేదు.

అందుకని చింతచెట్లు కొట్టేయక్కర్లేదు. వాటి కింద పల్లి ఆరబోయకుండా, రాలిన కాయలను ఎప్పటికప్పుడు ఏరేస్తే పురుగు రాక తగ్గుతుంది. నిల్వకైతే గాలి చొరని మూడు పొరల సంచులున్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లి మీద, ఇదే పురుగుతో వాటిని పరీక్షించారు; ఫలితాలు 2015లో వచ్చాయి. కాయలను బాగా ఎండబెట్టి మూతి బిగిస్తే, లోపలున్న ఆక్సిజన్ పురుగులు పీల్చుకునేసరికే అయిపోతుంది. ఇక వాటికి గుడ్లు పెట్టే ఓపిక ఉండదు, మెల్లగా చస్తాయి. ఎట్లుందో చూద్దామని నడుమ నడుమ మూతి విప్పితే మళ్లీ గాలి పోసినట్టే.