యాడ్ ఫిల్మ్‌కి ఎల్ఈడీ వాలా, లొకేషనా? అపోహలు - వాస్తవాలు

ఎల్ఈడీ వాల్ అంటే షూటింగ్‌లో నటుల వెనకాల బ్యాక్‌గ్రౌండ్‌ని చూపించే పెద్ద ఎల్ఈడీ తెర.

అపోహ: ఎల్ఈడీ వాల్ అంటే ఖరీదైన గ్రీన్ మ్యాట్ (తర్వాత బ్యాక్‌గ్రౌండ్ మార్చుకునే ఆకుపచ్చ తెర), అంతే.

వాస్తవం: గ్రీన్ మ్యాట్ ముందు తీస్తే వెనకాల ఏం పెట్టాలో నెల తర్వాతైనా తేల్చుకోవచ్చు. వాల్‌కి ఆ వెసులుబాటు లేదు. వాల్ మీద వేసే బ్యాక్‌గ్రౌండ్ ముందే సిద్ధం కావాలి. అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఓ మోస్తరు 3డీ సీన్‌కి మూడు నాలుగు వారాలు, వాల్ మీద రంగులు సరిచూసే ప్రీ-లైట్‌కి ఒక రోజు పెట్టుకోండి. సెట్లో క్లయింట్ "ఆ చెట్టు కాస్త ఎడమకి" అంటే నిమిషాల్లో పని. "బీచ్ వద్దు, కొండలు పెడదాం" అన్నారా, కాల్షీట్ గోవిందా.

అపోహ: లైటింగ్ సంగతి వాల్ తానే చూసుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ డబ్బులు పోయేది ఈ నమ్మకంతోనే. మామూలు ప్యానెల్ వెలుగంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం డయోడ్ల నుంచే వస్తుంది. వాటి మధ్యలోని పసుపు, నారింజ రంగుల వెలుగు పలచన. కెమెరాకి వాల్ మీద బొమ్మ బాగానే ఉంటుంది. అదే వెలుగు మొహం మీద, పసుపు పట్టుచీర మీద పడితే రంగు తప్పుతుంది. డీఐలో (షూటింగ్ తర్వాత రంగులు సరిదిద్దే దశలో) చర్మం సరిచేస్తే చీర మారుతుంది. అందుకే కీ లైట్ (నటుల మీద వేసే ప్రధాన లైట్) అన్ని రంగుల వెలుగూ ఇచ్చే ఫుల్ స్పెక్ట్రమ్‌దో, టంగ్‌స్టన్‌దో విడిగా పెట్టాలి. మిట్టమధ్యాహ్నపు ఎండకైతే అది తప్పనిసరి. అంత పెద్ద ప్యానెల్ నుంచి గట్టి నీడ రాదు. ఆ లైట్ వాల్ మీదికి చిందితే నలుపు బూడిదరంగవుతుంది కాబట్టి వెలుగుని అడ్డుకునే కట్టర్లు, నటులకీ వాల్‌కీ మధ్య మూడు నాలుగు మీటర్లు కావాలి.

అపోహ: మెరిసే వస్తువు ఏదైనా వాల్ మీదే తీయాలి.

వాస్తవం: కారుకి నిజమే, పైన సీలింగ్ ప్యానెల్ ఉంటే. లేకపోతే ముందద్దంలో స్టూడియో రాడ్లు కనిపిస్తాయి. గాజులు, జుంకాలు, స్టీలు గిన్నెల కథ వేరు. వంపు తిరిగిన లోహంలో దాదాపు గదంతా కనిపిస్తుంది. వస్తువు పెట్టే చోట ఓ స్టీలు గరిటెని, దాని వెనకవైపు కెమెరాకి కనిపించేలా పెట్టి చూడండి. వాల్ చిన్న ముక్కలా, చుట్టూ చీకటి, మధ్యలో మీరూ! వీటికి వెలుగుని మెత్తబరిచే తెల్ల డిఫ్యూజన్ గుడ్డ కట్టి, టేబుల్ మీద తీసే టేబుల్‌టాప్ షూటే మేలు.

అపోహ: వాల్ ముందు ఏ షాటైనా తీయొచ్చు.

వాస్తవం: ఫోకస్ వాల్ మీదికి లాగితే మోరే అనే అలల్లాంటి గళ్లు లేస్తాయి. పిచ్ (ప్యానెల్ మీది చుక్కల మధ్య దూరం) 2.3 మిల్లీమీటర్లే ఉన్నా అంతే. కెమెరాని గబుక్కున తిప్పితే, దాని కదలికని బట్టి బొమ్మని జరిపే ట్రాకింగ్ కొన్ని ఫ్రేములు వెనకబడి బ్యాక్‌గ్రౌండ్ ఆలస్యంగా కదులుతుంది. తల నుంచి కాళ్ల దాకా చూపాలంటే నేలని వాల్‌లోని నేలకి అతికేలా నిజంగా వేయాలి. పొలంలో పరుగు, గాలికి ఎగిరే కొంగు లొకేషన్‌లోనే తీయండి. చార్మినార్, గోల్కొండ లాంటి చోట్ల ఏఎస్ఐ (భారత పురావస్తు సర్వే) అనుమతి ముందే తీసుకోవాలి.

అపోహ: వాల్ కోసం ముంబయి వెళ్లాలి.

వాస్తవం: హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే ఉంది.

అపోహ: వాల్, లొకేషన్ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.

వాస్తవం: చిన్న టీమ్‌తో లొకేషన్‌కి వెళ్లి ప్లేట్లు (నటులు లేకుండా తీసే బ్యాక్‌గ్రౌండ్ వీడియోలు) తెచ్చుకుని, వాల్ మీద వేసి మాటలున్న సీన్లు తీయొచ్చు. కారు సీన్లకిది బాగా కుదురుతుంది. ప్లేట్ తీసేటప్పుడు కెమెరా కారు కిటికీ ఎత్తులో ఉండాలి, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి, కుదుపు తీసేయాలి. లేదంటే గంటసేపు ఊగే రోడ్డు ముందు కూర్చున్నవాళ్లకి కళ్లు తిరుగుతాయి. లెన్స్, ఎత్తు, ఎండ ఎటు నుంచి పడిందో స్లేట్ (క్లాప్ బోర్డు) మీద రాయండి. కీ లైట్ ఎటు పెట్టాలని సెట్లో డీఓపీ (ఛాయాగ్రాహకుడు) అడిగినప్పుడు చూసేది అదే.