ఎలుగుబంటి: మన ఊళ్లలో వినిపించే అపోహలు, వాస్తవాలు

తెలుగు నేల మీద అడవుల్లో తిరిగే ఎలుగుబంటి ఒకే జాతిది. చెదలు, చీమలు, రేల కాయలు, ఇప్పపూలు, తేనె దాని ప్రధాన ఆహారం. అది మనిషిని వేటాడి తినే జంతువు కాదు. అయినా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల, జీడితోటలూ పనసతోటలూ గుట్టల అంచుల వరకూ పాకినందువల్ల, మనుషులు దాని దాడిలో తీవ్రంగా గాయపడుతున్నారు. వన్యప్రాణి సంరక్షణ పని మీద వెళ్ళే మాకు ఈ ఊళ్లలో వినిపించే నమ్మకాలలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: ఎలుగుబంటి పగబట్టి మీద పడుతుంది.
వాస్తవం: దాని ముక్కు చాలా చురుకైనది గానీ చూపు, వినికిడి అంతంతమాత్రమే. పుట్టను గోళ్లతో తవ్వి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పైదవడ ముందు భాగంలో రెండు పళ్లు లేని సందు గుండా చెదలను పీలుస్తున్నప్పుడు పుట్టే చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది. అంత ధ్యాసలో ఉన్న జంతువుకు మనిషి రాక పక్కకు వచ్చాక గాని తెలియకపోతే అది బెదిరి, ముందుగా కొట్టడమే రక్షణ అనుకుంటుంది. వీపు మీద పిల్లలున్న తల్లి అయితే మరీను. కాబట్టి చీకటితో తోటకు వెళ్ళేవారు తోడుగా వెళ్ళాలి, మాట్లాడుకుంటూ కర్రతో నేలను తడుతూ నడవాలి.

అపోహ: ఊపిరి బిగబట్టి శవంలా పడుకుంటే ఎలుగుబంటి వాసన చూసి వెళ్ళిపోతుంది.
వాస్తవం: చిన్నప్పటి కథ వల్ల ఇది అందరికీ తెలుసు, సగం మాత్రమే నిజం. ఎలుగుబంటి అప్పుడప్పుడు చచ్చిన జంతువులనూ తింటుంది, కాబట్టి శవాన్ని ముట్టదనే మాట తప్పు. దూరంగా కనిపించినప్పుడు పడుకోవడం కాదు, పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి తగ్గాలి. మీద పడ్డాక మాత్రం బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనుక భాగాన్ని కప్పుకుని కదలకుండా ఉండాలి. వెల్లకిలా పడుకుంటే ముఖం దానికి అందుతుంది. మేము చూసే గాయాలలో అతి ఘోరమైనవి ముఖానికి, తలకు తగిలినవే.

అపోహ: అది మందకొడి జంతువు, చెట్టెక్కితే తప్పించుకోవచ్చు.
వాస్తవం: మనిషి కన్నా వేగంగా పరుగెత్తుతుంది, తేనెపట్టు కోసం చెట్లెక్కుతుంది. ఇక ‘భల్లూకపు పట్టు’ అంటాం గానీ, అది కౌగిలించి నలిపేయదు. గోళ్లతో చీరుతుంది, కరుస్తుంది.

అపోహ: ఎలుగుబంటి వెంట్రుకను తాయెత్తులో కట్టుకుంటే జడుపు జ్వరం పోతుంది.
వాస్తవం: పోదు. వెంట్రుక, గోరు అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎలుగుబంటి కరిచినవారికి పసరు పూసి ఇంట్లో కూర్చోబెట్టడం ఇంతకన్నా ప్రమాదకరం: గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రేబిస్ టీకాలు తప్పక వేయించాలి.