కొండ మీద కదిలే దీపం

పాత కోట ఉన్న కొండకి దయ్యం కథ లేకుండా ఉండదు. విజయవాడకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి ఖిల్లా అయినా, గుంటూరు వైపు కొండవీడు అయినా అంతే. కోట రోడ్డు వదిలేసి, మేకలు తిరిగే కాలిబాట పట్టే కుర్రాళ్లకి పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: “పొద్దుగూకేలోగా దిగిపోండి నాయనా, పైన దీపం తిరుగుతుంది.” ఆ మాట విని నవ్వేసేవాళ్లంటే నాకు కోపం. దీపం కదిలిందన్న మనిషి అబద్ధం ఆడటం లేదు. ఆయన కంటికి అది నిజంగానే కదిలింది.

చిమ్మచీకట్లో ఒక్కటే వెలుగు చుక్కని కాసేపు చూస్తూ ఉంటే అది పక్కకి జరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ ఇంకో వైపు పోతుంది. మన కళ్లు ఎప్పుడూ పూర్తిగా నిలకడగా ఉండవు. పగలైతే చుట్టూ చెట్టూ పుట్టా కనబడతాయి కాబట్టి, కదిలింది కన్నే అని మెదడు సరిపెట్టుకుంటుంది. చీకట్లో ఆ ఆనవాళ్లు ఉండవు. 1799లో అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ లాంటి గొప్ప పరిశీలకుడు కూడా నక్షత్రాలు ఊగడం చూసి, అవే కదులుతున్నాయనుకున్నాడు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త 1935లో ప్రచురించిన ప్రయోగంలో, చీకటి గదిలో కదలని చిన్న వెలుగుని చూపించి ఎంత దూరం జరిగిందో చెప్పమన్నాడు. ఒంటరిగా చూసినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఇద్దరు ముగ్గుర్ని కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పించేసరికి అందరి లెక్కా దగ్గర దగ్గరకి వచ్చేసింది. తర్వాత మళ్లీ విడిగా చూపించినా ఆ గుంపు లెక్కనే పట్టుకున్నారు. ఊరి పుకారు పుట్టేది కూడా ఇలాగే అని నాకు అనిపిస్తుంది. ఒకడు “అదిగో, కోట వైపు పోతోంది” అన్నాడా, పక్కవాడి కంటికీ అది కోట వైపే పోతుంది.

కొండ కూడా తన వంతు సాయం చేస్తుంది. తూర్పు కనుమల రాళ్ల మధ్య పెరిగే తపసి చెట్టు ఎండాకాలం మోడులా నిలబడుతుంది. కాగితం పొరల్లా ఊడే దాని తెల్లటి బెరడు వెన్నెల్లో చేతులు చాపిన మనిషిలా కనబడుతుంది. పొద్దు వాలాక కొండ వాలు త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి వాగుల వెంట కిందికి జారుతుంది. ఇంకా వేడి చల్లారని బండల మీంచి ఎండు వాగులోకి దిగగానే మోకాళ్లకి చల్లగా తగిలేది ఆ గాలే. అప్పటికే కథ విని ఉన్నవాడికి గాలి సోకినట్టే ఉంటుంది. భయపడి పరుగు తీస్తే గులకరాళ్ల మీద కాలు మడతపడుతుంది. నాకు టెన్షన్ దాని గురించే. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా, అందులోనూ రాత్రిపూట, పోనేకూడదు.

దిగేటప్పటికి చీకటి పడిపోయి, అవతలి గట్టు మీద దీపం తిరుగుతున్నట్టు కనబడితే ఆగండి. బండకి తల ఆనించి, దగ్గర్లో ఉన్న కొమ్మ మీద టార్చ్ వేసి, ఆ కొమ్మ అంచున దూరపు దీపం ఉండేలా చూడండి. అక్కడే ఉండిపోయిందంటే అది ఏ టవర్ మీది లైటో అయి ఉంటుంది. కొమ్మ దాటి పోయిందంటే ఎవరో టార్చ్ పట్టుకుని వస్తున్నట్టే. కేకేసి పిలవండి.