పడవ మోటారు మీద రాసిన అంకె దేని కొలత?

చెన్నై రాయపురంలో పడవలకు కరెంటు మోటార్లు బిగిస్తుంటాను. కాసిమేడు నుంచి, పులికాట్ నుంచి, అటు తడ వైపు నుంచి కూడా మన తెలుగువాళ్లు వస్తుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "తమ్ముడూ, ఇది ఎన్ని హెచ్‌పీ?" అడగాల్సిన ప్రశ్నే. ఆ జవాబు మోటారు మీదే రాసి ఉంటుందని అనుకోవడంతోనే చిక్కు.

అపోహ: "55 పౌండ్లు" అని ఉంటే అదే దాని శక్తి.

వాస్తవం: అది తోపుడు బలం. సుమారు 25 కిలోల బరువుతో సమానం. పడవను రేవులో గుంజకు కట్టి, తాడు మధ్య స్ప్రింగు త్రాసు తగిలించి, మోటారును పూర్తిగా తిప్పి చూడండి. తాడు బిగుసుకుంటుంది, వెనక నీళ్లు నురగలు కక్కుతాయి, ముల్లు 25 దగ్గర ఆగుతుంది. పడవ మాత్రం అంగుళం కదలదు. బలాన్ని వేగంతో గుణిస్తేనే శక్తి. ఇక్కడ వేగం సున్నా, కాబట్టి పడవకు అందిన శక్తీ సున్నాయే. పడవ కదిలే కొద్దీ ఈ తోపు తగ్గిపోతుంది కనుక, 25 కిలోలను నేరుగా వేగంతో గుణించినా లెక్క తప్పుతుంది.

అపోహ: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే మోటారు ఇచ్చే శక్తి తెలిసిపోతుంది.

వాస్తవం: తెలిసేది బ్యాటరీ నుంచి బయలుదేరిన శక్తి. బోరు మోటారు పలక మీద 5 హెచ్‌పీ అని ఉంటే అది ఇరుసు దగ్గర దొరికే శక్తి. చిన్న పడవ మోటార్ల మీద సాధారణంగా తోపు, ఆంపియర్లు మాత్రమే ఉంటాయి. రెండింటినీ ఒకేలా చదవకూడదు.

పులికాట్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "12 వోల్టులు, 50 ఆంపియర్లు, 600 వాట్లు. అంటే 0.8 హెచ్‌పీ. మరి పడవ ఇంత నీరసంగా ఎందుకు పోతోంది?" అన్నారు. ఆయన పడవలోనే కూర్చుని మీటరు పెట్టాను. కరెంటు 50 ఆంపియర్లు. బ్యాటరీ కొనల దగ్గర 11.9 వోల్టులు, మోటారు దగ్గర 10.9. ఒక వోల్టు తీగలోనే పోయింది, అంటే 50 వాట్లు వేడిగా మారాయి. తీగ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కొన దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన.

మోటారుకు చేరింది 545 వాట్లు. దాని సామర్థ్యం 80 శాతం అనుకుంటే ఇరుసు దగ్గర 436. ప్రొపెల్లర్ అందులో సగాన్ని పడవను నడపడానికి వాడిందనుకుంటే 218 వాట్లు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, కాబట్టి పడవను నిజంగా నడిపింది 0.3 హెచ్‌పీ. ఇరుసు శక్తిని నేరుగా కొలవాలంటే టార్క్‌ను, అంటే ఇరుసును మెలితిప్పే బలాన్ని, న్యూటన్ మీటర్లలో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 9.55తో భాగించాలి. వచ్చేది వాట్లు. ఏ చోట కొలిచారో చెప్పని వాట్ల లెక్కను నేను నమ్మను.

అపోహ: కరెంటు హెచ్‌పీ పెట్రోలు హెచ్‌పీ కంటే పెద్దది.

వాస్తవం: రెండూ ఒకటే. తక్కువ చుట్లలోనే మంచి టార్క్ ఇస్తుంది కాబట్టి కరెంటు మోటారుకు పెద్ద ప్రొపెల్లర్ పెట్టి నిదానంగా తిప్పవచ్చు. అది నీటిని తక్కువ వృథాతో తోస్తుంది. తేడా కనిపించేది అందుకే.

అపోహ: 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ 50 ఆంపియర్ల మీద రెండు గంటలు వస్తుంది.

వాస్తవం: లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఆ అంకె సాధారణంగా 20 గంటల పాటు 5 ఆంపియర్లు తీస్తే వచ్చేది. 50 తీస్తే అంత రాదు.

అపోహ: మోటారు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు.

వాస్తవం: నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల శక్తి. కేరళలో వైకోం దగ్గర 2017లో మొదలైన సౌర పడవ 'ఆదిత్య' 75 మందిని రెండు 20 కిలోవాట్ల మోటార్లతో దాటిస్తోందంటే, అది పరుగెత్తే పడవ కాదు కాబట్టే.

ఆ పెద్దాయన పెద్ద మోటారు కొంటానన్నారు. వద్దన్నాను. లావు తీగ వేసి, కొనలు కొత్తగా బిగించి, గంటకు 6 కిలోమీటర్లకు బదులు 5 మీద నడపమన్నాను. ఆ వేగానికి శక్తి దాదాపు 40 శాతం తక్కువ చాలు. అదే ఛార్జింగుతో 40 శాతానికి పైగా ఎక్కువ దూరం పోతారు. మర్నాడు తీగను తడిమి చూసి, "చల్లగా ఉంది తమ్ముడూ" అని ఫోను చేశారు.